టీవీ యాక్షన్‌నే నమ్ముకుని బతకొచ్చా? లీ మేజర్స్ కెరీర్ దగ్గర పెట్టుకుని చెప్తున్నా

ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, నాకు ఇరవై నాలుగేళ్లు. కరాటేలో బ్లాక్ బెల్ట్. సినిమాల్లో హీరో అవుతానన్న ఆశ లేదు. సీరియళ్లు, వెబ్ సిరీసుల్లో యాక్షన్ పాత్రలు చేసుకుంటూ జీవితం నెట్టుకురావొచ్చా? అలా బతికినవాళ్లు ఎవరైనా ఉన్నారా? 'ది ఫాల్ గై' సినిమా చూశాక అది ఒకప్పటి టీవీ సిరీస్ అని తెలిసింది. అందులో హీరో లీ మేజర్స్ అంత పెద్ద ఫైటరా?"

బతకొచ్చు తమ్ముడూ. కాకపోతే ఫైటర్‌గా కాదు, యాక్షన్ చేయగల నటుడిగా. రెండూ ఒకటే అనుకుని ఈ లైన్‌లోకి దిగేవాళ్లే ఎక్కువ. నువ్వడిగిన మనిషి పెద్ద ఫైటరేం కాదు. ఏ విద్యలోనూ బెల్టుల కోసం, టైటిళ్ల కోసం పోటీపడ్డవాడు కాదు. అయినా 1965 నుంచి 1986 దాకా అమెరికా టీవీలో ఐదు సిరీసుల్లో ముఖ్యపాత్రలు చేశాడు. మధ్యలో ఓ మూడేళ్లు సినిమాల వైపు వెళ్లాడంతే. ఇరవై ఏళ్లపాటు ప్రతివారం జనం ఇళ్లలోకి వెళ్లగలిగిన యాక్షన్ నటులు ఏ దేశంలోనైనా కొద్దిమందే ఉంటారు.

నేను ఫైటర్‌గా మొదలై ఇప్పుడు సీరియళ్లకీ వెబ్ సిరీసులకీ ఫైట్లు కంపోజ్ చేస్తున్నాను. కొత్త కుర్రాళ్లు వచ్చి "ఎవర్ని చూసి నేర్చుకోవాలి మాస్టర్" అంటే బ్రూస్ లీ, జాకీ చాన్ పేర్లు వాళ్లకి ముందే తెలుసు. నేను లీ మేజర్స్ పేరు చెప్తాను.

ముందు అతను ఎక్కణ్ణుంచి వచ్చాడో చూడు. అసలు పేరు హార్వీ లీ యియరీ. 1939 ఏప్రిల్ 23న మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ పక్కనున్న వయాండాట్ అనే ఊళ్లో పుట్టాడు. బిడ్డ కడుపులో ఉండగానే తండ్రి పనిచేసే చోట ప్రమాదంలో పోయాడు. రెండేళ్లు నిండకముందే తల్లి రోడ్డు ప్రమాదంలో పోయింది. దగ్గరి బంధువులు దత్తత తీసుకుని కెంటకీ రాష్ట్రంలోని మిడిల్స్‌బరో అనే బొగ్గుగనుల ప్రాంతపు ఊళ్లో పెంచారు. ఫుట్‌బాల్ బాగా ఆడేవాడు. అమెరికన్ ఫుట్‌బాల్, మన ఫుట్‌బాల్ కాదు. ఆ ఆటతోనే స్కాలర్‌షిప్ మీద కాలేజీ చదువు దొరికింది. ఈస్టర్న్ కెంటకీ అనే కాలేజీ తరఫున ఆడుతుండగా ఒక మ్యాచ్‌లో వెన్నుకి పెద్ద దెబ్బ తగిలి రెండు వారాలు కదల్లేకపోయాడు. ఆటగాడిగా అతని కథ అక్కడితో అయిపోయింది.

మన దగ్గర కుర్రాళ్లకి ఇలాంటి దెబ్బ తగిలితే ఊరెళ్లిపోవడమే. అతను డాన్‌విల్ ఊళ్లో పయనీర్ ప్లేహౌస్ అనే నాటకశాలలో వేషాలు వేయడం మొదలుపెట్టాడు. 1962లో డిగ్రీ పూర్తిచేసి లాస్ ఏంజెలెస్ వెళ్లాడు. అక్కడ పార్కుల శాఖలో ఆటలు నడిపించే ఉద్యోగం చేస్తూ నటన నేర్చుకున్నాడు. ఉద్యోగం వదిలేసి స్టూడియోల గేట్ల ముందు నిలబడలేదు, జీతం వస్తుండగానే నేర్చుకున్నాడు. ఈ విషయం నువ్వు గట్టిగా పట్టుకోవాలి. చిన్నప్పట్నుంచి తాను అభిమానించిన ఫుట్‌బాల్ ఆటగాడు జానీ మేజర్స్ పేరు మీద తన తెరపేరు పెట్టుకున్నాడు.

1964లో పాతతరం హాలీవుడ్ హీరోయిన్ జోన్ క్రాఫర్డ్ సినిమా ఒకదాంట్లో మొదట్లోనే చచ్చిపోయే చిన్న వేషం దొరికింది, టైటిల్స్‌లో పేరు కూడా పడలేదు. మరుసటి ఏడాది 'ది బిగ్ వ్యాలీ' సిరీస్‌లో హీత్ బార్క్‌లీ పాత్ర. గుర్రాలు, తుపాకులు, పశువుల మందలు ఉన్న వెస్టర్న్ అది, 1969 దాకా నడిచింది. అందులో ఆ ఇంటి పెద్దావిడగా చేసింది బార్బరా స్టాన్విక్. మూకీల చివరి రోజుల నుంచి సినిమాల్లో ఉన్న మనిషి. అంత సీనియర్ పక్కన నాలుగేళ్లు రోజూ నిలబడితే ఎవరికైనా పని వస్తుంది. సెట్‌లో టైముకి ఉండటం, డైలాగు కంఠతా పట్టి రావడం, గుర్రం దిగాక ఆయాసం కనబడకుండా క్లోజప్ ఇవ్వడం లాంటివి ఏ ట్రైనింగ్ స్కూల్లోనూ రావు.

తర్వాత 'ది వర్జీనియన్' అనే ఇంకో వెస్టర్న్ సిరీస్ చివరి సీజన్‌లో ఒక ఏడాది, లాయర్ల సిరీస్ ఒకదాంట్లో మూడేళ్లు. అందులో యాక్షన్ దాదాపు లేదు. నాకు మాత్రం ఆ మూడేళ్లు చాలా ముఖ్యమనిపిస్తాయి. కోర్టు గదిలో నిలబడి మాట్లాడటం వచ్చినవాడు కాబట్టే తర్వాత అరవై లక్షల డాలర్ల మనిషిగా జనం నమ్మారు.

ఇప్పుడు అసలు విషయానికి, 'ది సిక్స్ మిలియన్ డాలర్ మ్యాన్'కి వద్దాం. 1973 మార్చిలో ఏబీసీ ఛానెల్‌లో టెలిఫిల్మ్‌గా వచ్చింది. 1974 జనవరి నుంచి వారం వారం సిరీస్ అయి 1978 దాకా నడిచింది. కథ ఇది: స్టీవ్ ఆస్టిన్ అనే వ్యోమగామి ఒక ప్రయోగ విమానం కూలి చావుబతుకుల్లో ఉంటాడు. ప్రభుత్వం అరవై లక్షల డాలర్లు పెట్టి అతనికి రెండు కాళ్లు, కుడి చెయ్యి, ఎడమ కన్ను యంత్రాలతో అమర్చి గూఢచారిగా వాడుకుంటుంది. టైటిల్స్‌లో కూలే విమానం నిజమైనది. 1967 మేలో నాసా వాళ్ల ఎం2-ఎఫ్2 విమానం కూలినప్పటి ఫుటేజ్ అది. ఆ పైలట్ బ్రూస్ పీటర్సన్ బతికాడు గానీ తర్వాత ఒక కంటి చూపు పోయింది.

స్టీవ్ ఆస్టిన్ గంటకి అరవై మైళ్ల వేగంతో, అంటే దాదాపు తొంభై ఆరు కిలోమీటర్ల వేగంతో పరిగెత్తాలి. టీవీ బడ్జెట్‌లో, ఆ రోజుల్లో, కంప్యూటర్ గ్రాఫిక్స్ లేకుండా అదెలా తీస్తావు? మనకి ముందు తట్టేది ఫిల్మ్‌ని స్పీడ్‌గా తిప్పడం. అలా చేస్తే మనిషి పాత మూకీ కామెడీల్లోలాగా టకటకా ఆడుతున్నట్టు కనిపిస్తాడు, జనం నవ్వుతారు. వాళ్లు దానికి పూర్తిగా ఎదురు పని చేసి, పరుగుని స్లో మోషన్‌లో చూపించారు. దాని మీద ఆ ఎలక్ట్రానిక్ చప్పుడు వేశారు. ఒళ్లు నెమ్మదిగా కదులుతుంటే కండ, బరువు, ప్రయత్నం కనిపిస్తాయి. చూసేవాడి బుర్ర దాన్నే శక్తి కింద లెక్కేసుకుంటుంది.

అంటే లీ మేజర్స్ నిజంగా చేయాల్సిన పని ఏంటి? మామూలు స్పీడ్‌లో పరిగెత్తడమే. కానీ స్లో మోషన్ కోసం కెమెరాని హై స్పీడ్‌లో తిప్పి తీసినప్పుడు మొహంలో ప్రతి కండరం అద్దంలోలాగా బయటపడుతుంది. కళ్లు అటూఇటూ పోయినా, పళ్లు బిగబట్టినా, చేతులు వదులైనా సూపర్ మనిషి కాస్తా జాగింగ్ చేసే మనిషి అయిపోతాడు. అతని పరుగు ఒకసారి సౌండ్ ఆపేసి చూడు. మెడ నిటారుగా ఉంటుంది, మొహం దాదాపు ప్రశాంతంగా ఉంటుంది, భుజాలు మాత్రమే పనిచేస్తుంటాయి. ఆటగాడి ఒళ్లు, నటుడి మొహం కలిస్తే వచ్చేది అది. నా దృష్టిలో అతని కెరీర్ మొత్తంలో పెద్ద స్టంట్ అదే.

ఎత్తు గోడల మీదికి ఎగిరే షాట్లకి ఇంకో పద్ధతి వాడేవాళ్లు. పైనుంచి వెనక్కి దూకించి, ఫిల్మ్‌ని రివర్స్‌లో వేసేవాళ్లు. ఈ పద్ధతి నేనూ ఒక వెబ్ సిరీస్‌లో వాడాను, మనిషిని తీగలతో పైకి లాగే వైర్ వర్క్‌కి టైమూ డబ్బూ లేక. కాంపౌండ్ గోడ మీంచి డూప్ వెనక్కి దూకాడు, కింద మ్యాట్ కెమెరాకి అందకుండా పెట్టాం. దూకడం తేలికే, కష్టమంతా మిగతా వాటితో. కాలు నేలని తాకినప్పుడు లేచే దుమ్ము రివర్స్‌లో పాదాల్లోకి లాక్కుపోతుంది, చొక్కా అంచు పైకి లేవాల్సింది కిందికి అంటుకుంటుంది. అందుకని నేలంతా నీళ్లు చల్లించి, చొక్కా లోపలికి దోపించాం. అప్పుడు కూడా షాట్‌ని నిలబెట్టింది నటుడే. ఎగరబోయే ముందు గోడ వైపు అతను చూసిన చూపు, ఎక్కాక వదిలిన ఊపిరి. ఆ రెండు ముక్కలూ లేకపోతే మధ్యలో డూప్ చేసిందానికి విలువ లేదు.

నీ బ్లాక్ బెల్ట్ గురించి. అది పనికొస్తుంది, కాదనను. కానీ కెమెరాకి నీ స్పీడ్ అక్కర్లేదు. 1966లో 'ది గ్రీన్ హార్నెట్' సిరీస్‌లో కాటో పాత్ర చేసిన బ్రూస్ లీనే కెమెరాకి దెబ్బలు అందడం లేదు, కాస్త నెమ్మదిగా కొట్టమన్నారు. కరాటే నుంచి వచ్చిన కుర్రాళ్లందరిలో నేను చూసే మొదటి చిక్కు ఇదే. దెబ్బ సూటిగా, పొట్టిగా, నిజంగా తగిలేట్టు కొడతారు. మనకి కావాల్సింది ఆర్క్ ఉన్న పంచ్, అంటే చెయ్యి వంపు తిరుగుతూ వచ్చే దెబ్బ. దవడకి జానెడు దూరంలోంచి పోవాలి, కెమెరా భుజం వెనకనుంచి చూస్తున్నప్పుడు తగిలినట్టు ఉండాలి. ఆ దెబ్బని నిజం చేసేది తిన్నవాడి రియాక్షన్. తల తిప్పే టైమింగ్ ఒక్క ఫ్రేము అటూఇటూ అయినా దొంగ దెబ్బ అని చిన్నపిల్లాడికి కూడా తెలిసిపోతుంది. కాబట్టి కొట్టడం నేర్చుకున్న నువ్వు ఇప్పుడు దెబ్బ తినడం నేర్చుకోవాలి.

కరాటేతోనే టీవీలో నిలబడ్డవాళ్లు లేరా అంటే, చక్ నోరిస్ ఉన్నాడు. కొరియాలో అమెరికా ఎయిర్‌ఫోర్స్‌లో ఉండగా విద్య నేర్చుకుని, తిరిగొచ్చాక పోటీల్లో ఛాంపియన్ అయి, స్కూళ్లు నడిపాడు. తర్వాత 1993 నుంచి 2001 దాకా 'వాకర్, టెక్సస్ రేంజర్' చేశాడు. కానీ ఆ సిరీస్ మొదలయ్యేసరికి అతనికి యాభై మూడేళ్లు. అప్పటికి పదిహేనేళ్లుగా సినిమాల్లో హీరో. అంటే అతను టీవీకి పేరు మోసుకుని వచ్చాడు. నువ్వూ నేనూ చూసుకోవాల్సింది టీవీలో పుట్టి టీవీలోనే పెరిగిన మేజర్స్ దారి.

ఇక నువ్వు చూసిన సినిమాకి మూలమైన 'ది ఫాల్ గై'. 1981 నుంచి 1986 దాకా ఏబీసీలోనే వచ్చింది. అందులో అతను కోల్ట్ సీవర్స్ అనే స్టంట్‌మ్యాన్. పగలు సినిమాల్లో దూకుతాడు, ఖాళీ టైములో బెయిల్ ఎగ్గొట్టి పారిపోయినవాళ్లని పట్టుకొచ్చి డబ్బు తీసుకుంటాడు. టైటిల్ సాంగ్ కూడా మేజర్సే పాడాడు. తెర మీద స్టంట్‌మ్యాన్‌గా కనిపించిన మేజర్స్‌కి కూడా స్టంట్ డబుల్ ఉన్నాడు. అతని పేరు మిక్కీ గిల్బర్ట్, అప్పటికే హాలీవుడ్‌లో పేరున్న మనిషి. ఇది దాచాల్సిన విషయం కాదు, వాళ్లు దాచలేదు కూడా. ఒక ఎపిసోడ్‌కి వారం పది రోజులు షూటింగ్, ఏడాదికి ఇరవైకి పైగా ఎపిసోడ్లు. హీరో మడమ బెణికితే యూనిట్ మొత్తం ఆగిపోతుంది, అందరి జీతాలూ ఆగిపోతాయి. హీరో ఒంటిని కాపాడటం యూనిట్ అన్నం కాపాడటమే.

ఆ సిరీస్‌లో జీఎంసీ పికప్ ట్రక్కు గాల్లోకి ఎగిరేది, పిల్లలకి అదే పిచ్చి. ట్రక్కుకి ఇంజిన్ ముందుంటుంది కాబట్టి గాల్లో ముక్కు కిందికి వాలుతుంది. ముందు భాగం నేలని కొట్టి ఫ్రేమ్ వంగిపోతుంది, బండి పనికిరాకుండా పోతుంది. అలా బోలెడు ట్రక్కులు పోయాక, ఇంజిన్‌ని మధ్యలోకి జరిపి బరువు సమంగా ఉండేట్టు ఒక ట్రక్కు తయారుచేయించారు. స్టంట్ అంటే ధైర్యం కంటే ముందు లెక్క అని నేను కుర్రాళ్లకి చెప్పేటప్పుడు వాడుకునే ఉదాహరణ ఇది.

లెక్క తప్పితే ఏమవుతుందో కూడా ఇదే మనిషి కెరీర్‌లో ఉంది. 'స్టీల్' అని 1979లో వచ్చిన సినిమాలో మేజర్స్ హీరో. 1978 సెప్టెంబరులో కెంటకీలోని లెక్సింగ్టన్‌లో దాని షూటింగ్. కట్టడంలో ఉన్న ఎత్తైన భవనం మీంచి ఏ.జె. బకునస్ అనే స్టంట్‌మ్యాన్ 315 అడుగుల ఎత్తునుంచి ఎయిర్ బ్యాగ్ మీదికి దూకాడు. సినిమాకి కావాల్సిన దూకే షాట్ అంతకుముందే అయిపోయింది. ఈలోగా ఎత్తు రికార్డు ఇంకొకరి పేరు మీదికి పోవడంతో, తిరిగి దాన్ని దక్కించుకోవడానికి మళ్లీ ఎక్కాడు. పడాల్సిన చోటే పడ్డాడు. బ్యాగ్ చీలిపోయింది. మర్నాడు చనిపోయాడు. వయసు ఇరవైల్లోనే.

ఇది ఎక్కడో, ఎప్పుడో అనుకోకు. 2025 జూలైలో తమిళనాడులో నాగపట్నం దగ్గర ఒక సినిమా సెట్‌లో కారు స్టంట్ చేస్తూ అనుభవమున్న స్టంట్ ఆర్టిస్ట్ ఒకాయన చనిపోయాడు. ఈ వృత్తిలో ఉన్న మాకు ఆ వార్త చదవడం ఎంత కష్టమో మాటల్లో చెప్పలేను. కాబట్టి నీ మీద ప్రేమతో చెప్తున్నా, "డూప్ లేకుండా చేస్తా" అన్న మాట ఆఫీసుల్లో ఛాన్సుల కోసం వాడకు. ఆ మాట విని సంతోషించే మేనేజర్ దగ్గర సేఫ్టీ మీద ఖర్చు పెట్టరని అర్థం.

మన దగ్గర పరిస్థితి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. తెలుగు డైలీ సీరియళ్లలో యాక్షన్‌కి చోటు తక్కువ. రోజుకో ఎపిసోడ్ వెళ్లాలి కాబట్టి ఫైట్ అని పొద్దున చెప్తారు, మధ్యాహ్నానికి తీసేయాలి. హీరోయిన్‌ని ఎత్తుకెళ్లే నలుగురు, హీరో ఒక్కడు, ఒక గోడౌన్. అది కూడా నెలల తరబడి రాకపోవచ్చు. దాని మీదే ఇల్లు గడుస్తుందనుకుంటే కష్టం. వెబ్ సిరీసులు వచ్చాక మెరుగైంది. రిహార్సల్‌కి రోజులు ఇస్తున్నారు, పోలీసు కథలు, క్రైమ్ కథలు ఎక్కువయ్యాయి. వాటిలో ఎస్సై, ఎస్‌ఓటీ (పోలీసుల స్పెషల్ టీమ్) కానిస్టేబుల్, గ్యాంగ్‌లో రెండోవాడు లాంటి పాత్రలకి ఫైట్ చేయగలిగి, రెండు పేజీల డైలాగు తడబడకుండా చెప్పగలిగేవాళ్లు నిజంగా దొరకడం లేదు. నీకు చోటుంటే అక్కడే ఉంది. మొన్నీమధ్య నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయికి ఫైట్ మామూలుగానే వచ్చు, కానీ రాయలసీమ యాస పుట్టుకతో ఉంది, భయపడినట్టు నటించడం చాలా బాగా వచ్చు. ఒక్క సీన్ కోసం తీసుకుంటే డైరెక్టర్ ఆ పాత్రని సీజన్ చివరిదాకా ఉంచాడు. అతని కంటే బాగా తన్నగలిగినవాళ్లు అదే రోజు బేటా, అంటే రోజువారీ డబ్బు, తీసుకుని ఇంటికెళ్లారు.

ఇంకో జాగ్రత్త. ఒక పాత్ర మరీ పేరు తెస్తే అది జీవితాంతం వెంట వస్తుంది. మేజర్స్‌ని జనం స్టీవ్ ఆస్టిన్‌గానే చూశారు. సిరీస్ ఆగాక చేసిన సినిమాలు పెద్దగా ఆడలేదు. 1987, 1989, 1994లో మళ్లీ అదే పాత్రతో టెలిఫిల్ములు చేశాడు. దాన్ని కొందరు ఓటమి అంటారు, నేను ఒప్పుకోను. ఆ పేరుని తిట్టుకోకుండా, ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్లి పనిచేశాడు. 2016లో 'యాష్ వర్సెస్ ఈవిల్ డెడ్'లో హీరో తండ్రిగా చేశాడు, అప్పటికి డెబ్బై ఏడేళ్లు. నువ్వు చూసిన 2024 సినిమాలో కూడా చివర్లో పాత సిరీస్ హీరోయిన్ హెదర్ థామస్‌తో కలిసి కాసేపు కనిపిస్తాడు, మళ్లీ చూస్తే గమనించు. ఆ సినిమా డైరెక్టర్ డేవిడ్ లీచ్ కూడా ఒకప్పటి స్టంట్‌మ్యానే.

వయసు గురించి నువ్వు దిగులుపడుతున్నట్టున్నావు. మేజర్స్‌కి మొదటి సిరీస్ వచ్చినప్పుడు ఇరవై ఆరు, స్టీవ్ ఆస్టిన్‌గా వారం వారం కనిపించడం మొదలైనప్పుడు ముప్పై నాలుగు, 'ది ఫాల్ గై'కి నలభై రెండు. ఇరవై నాలుగు ఏమాత్రం ఆలస్యం కాదు. ఇప్పుడున్న ఉద్యోగం వదలకు. ఏదైనా నాటక సమాజంలో చేరు, ఏడాది పాటు వేషాలు వెయ్యి. హార్స్ రైడింగ్, ఈత, బండి బాగా నడపడం నేర్చుకో. స్టంట్ పనే చేయాలనుకుంటే ఫైటర్స్ యూనియన్ కార్డు దారి వేరు, దాని రూల్స్ హైదరాబాద్‌లో సినిమావాళ్లు ఉండే కృష్ణానగర్‌లో అడిగి తెలుసుకో. ఏ దారైనా సొంతంగా ప్రమాద బీమా తీసుకో, కంపెనీ ఇస్తుందని ఎదురుచూడకు.

నీ పని చూపించే వీడియో రీల్ ఒకటి నాకు పంపు. టైల్స్ పగలగొట్టేది, గాల్లో మూడు చుట్లు తిరిగేది వద్దు. ఒకే షాట్‌లో, కట్ లేకుండా, ఎదుటివాడితో ఒక నిమిషం గొడవపడు. మాట, తోపులాట, ఒక దెబ్బ కొట్టడం, ఒక దెబ్బ తినడం, తర్వాత ఒక డైలాగు. ఫోన్‌లో తీసినా చాలు, ఫోన్ అడ్డంగా పెట్టి తియ్యి, వెలుగు మొహం మీద పడాలి, మ్యూజిక్ వేయకు. దెబ్బ తిన్నాక నీ మొహం ఎలా ఉందో నేను చూడాలి.